రాముడితో ఆడని బౌట్

మొన్నటి ఎండాకాలం భీమవరంలో ఏ టీకొట్టు దగ్గర నిలబడినా మా ఆయన పేరే వినపడేది. ఆయన గొప్పవాడా కాదా అని ఊరు రెండుగా చీలి వాదించుకుంటుంటే, ఇంట్లో నేను ఆయన చొక్కాకి గుండీలు పెడుతూ ఉండేదాన్ని.

ఆయన పేరు జగన్నాథరాజు. ఒకప్పుడు రాష్ట్రంలో హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్. రింగులోకి దిగిన తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా ఓడిపోలేదు. ఓడిపోకుండానే గ్లౌజులు విప్పేశారు. మా పెళ్లిచూపుల్లో ఆయన అన్నగారు రామభద్రరాజు గారు మా నాన్నతో అన్న మొదటి మాట నాకింకా గుర్తుంది. "మా తమ్ముడికి ఓడిపోవడం తెలీదండి." ఆ మాటకి మా నాన్న మురిసిపోయాడు. తర్వాత తర్వాత నాకు అర్థమైంది, ఆ ఇంట్లో అందరూ ఆ మాట మీదే బతుకుతున్నారని. మా ఆయన చీట్లపేకకి కూర్చునేవారు కాదు. చేపల చెరువులు చూసుకోమంటే చూసుకునేవారు కాదు. విశాఖలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం చేసినన్నాళ్లు ప్రమోషన్ పరీక్ష రాయలేదు. ఓడిపోయే అవకాశమున్న పని ఏదైనా సరే, నవ్వి పక్కకి తప్పుకునేవారు. మాకు పిల్లలు లేరు. ఉంటే వాళ్లని పరుగు పందెంలో నిలబడనిచ్చేవారా అన్నది నాకు అనుమానమే.

ఉద్యోగం నుంచి ముందే విరమించుకుని భీమవరం వచ్చేశాం. బావగారి ప్రహరీలోనే, వాళ్లింటి వెనక ఇల్లు మాది. వచ్చిన రెండో ఏడే ఆయన మాటలు మర్చిపోవడం మొదలుపెట్టారు. చెప్పిందే చెప్పడం, అడిగిందే అడగడం. రాజమండ్రి తీసుకెళితే డాక్టరుగారు తల స్కాను ఫిల్ము వెలుతురుకి పట్టి చూసి, "తలకి తగిలిన దెబ్బలమ్మా" అన్నారు.

"ఆయనెప్పుడూ ఓడిపోలేదండి డాక్టరుగారూ" అన్నాను, అదేదో పొరపాటు దిద్దుతున్నట్టు.

"గెలిచినవాడికీ తగులుతాయి కదమ్మా" అన్నారాయన.

ఇంటికొచ్చి ఆ మాట బావగారికి చెబితే, "ఇది మన గోడ దాటకూడదు హైమమ్మా" అన్నారు. దాటలేదు. కిందటి ఎండాకాలం దాకా దాటలేదు.

ఊళ్లో కొత్తగా ఇండోర్ హాలు కట్టారు. అందులో బాక్సింగ్ రింగు కూడా పెట్టారు. ఆ హాలుకి జగన్నాథరాజు పేరు పెట్టాలని కమిటీలో మా బావగారే అన్నారు. పేరు అనగానే పంచాయితీ మొదలైంది. యుగంధర్ అని, ఒకప్పుడు పేపర్లో ఆటల వార్తలు రాసి ఇప్పుడు యూట్యూబులో సొంత ఛానెల్ నడుపుకునే కుర్రాడు దాన్ని పట్టుకున్నాడు. వారానికోసారి నలుగురిని కూర్చోబెట్టి చర్చ. పేరు కూడా బాగా పెట్టాడు: "అజేయుడా? అదృష్టవంతుడా?"

మొదటి చర్చ మేమందరం బావగారి హాల్లో పెద్ద టీవీలో పెట్టుకుని చూశాం. నేనూ, ఆయనా, బావగారూ, తోడికోడలు అక్కయ్యగారూ.

"ఓడిపోలేదంటే ఓడిపోలేదండి. అందులో వాదనేముంది?" అన్నాడు ఇంజనీరింగు కాలేజీ లెక్చరరొకాయన.

"ఎవరితో ఆడారో కూడా చూడాలి కదండీ," అన్నాడు ఇంకొకతను. "నేషనల్స్‌కి పిలిస్తే ఒకసారి జ్వరమన్నారు, ఇంకోసారి వేలు విరిగిందన్నారు. గట్టివాడు ఎదురొచ్చే రోజున రాజుగారికి ఎప్పుడూ ఒంట్లో బాగోదు."

 అప్పుడు ఆ నలుగురిలో చివర కూర్చున్న పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. బుల్లియ్య మాస్టారు. రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఆ రోజుల్లో విశాఖ క్యాంపులో మా ఆయనతోపాటు ఉన్న మనిషి.

"నేషనల్స్ సంగతి వదిలేయండి. మన క్యాంపులోనే రాముడని ఒకడుండేవాడు. సముద్రం ఒడ్డు కుర్రాడు. వాడితో రాజుగారికి ఫైనల్ పడి ఉంటే ఈ రోజు మనకీ చర్చే ఉండేది కాదు."

"మరెందుకు పడలేదండీ?" అన్నాడు యుగంధర్.

"వాడు కింది వెయిట్‌లో ఆడాడు." అంతకు మించి మాస్టారు ఏమీ చెప్పలేదు.

మా ఆయన టీవీ వైపు ముందుకు వంగి చూస్తున్నారు. "వీళ్లు ఎవరి గురించి అనుకుంటున్నారు?" అన్నారు.

"మీ గురించేనండి."

"నేను ఓడిపోయాను కదా," అన్నారు, చాలా మామూలుగా. "రాముడు కొట్టాడు. ఎడంచేత్తో. కింద పడ్డాను. లేచేసరికి మా కోచ్ మాస్టారు ఎవరూ చూడకుండా తలుపులు వేసేసి ఉన్నారు."

అక్కయ్యగారి చేతిలో జంతికల పళ్లెం అలాగే ఆగిపోయింది. బావగారు లేచి టీవీ కట్టేశారు. "జబ్బు మాటలమ్మా అవి," అన్నారు నాతో, తమ్ముడి వైపు చూడకుండా.

నేనూ అలాగే అనుకోవాలనుకున్నాను.

వారం తిరక్కుండా మా ఆయన ఒకరోజు పొద్దున్నే నాకు తెలియకుండా బయటికి వెళ్లిపోయారు. ఉండి వెళ్లే రోడ్డులో టీకొట్టు దగ్గర దొరికారు. దొరికేసరికి పదిమంది చుట్టూ మూగి ఉన్నారు. ఆయన వాళ్లకి ఎడమచెయ్యి ఎలా వచ్చిందో, తను ఎలా పడ్డారో చేసి చూపిస్తున్నారు. ఒకడు ఫోన్లో తీస్తున్నాడు. బావగారి మనుషులు సమయానికి వెళ్లి ఆ ఫోన్లోది చెరిపించి, ఆయన్ని కారెక్కించుకుని తీసుకొచ్చారు.

ఆ సాయంత్రం మా ఇంటికి వేరే గేటు పెట్టించారు బావగారు, వాళ్లింటికీ మాకూ మధ్య. మాకు వీధిలోకి ఉన్న గేటుకి తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టారు.

"హాలు ఓపెనింగ్ అయ్యేదాకానేనమ్మా. తర్వాత నీ ఇష్టం. వాడి పేరు హాలు రాయి మీద ఎక్కబోతుంటే వాడి నోటితోనే వాడు చెడగొట్టుకోకూడదు కదా. అందరికీ రాజమండ్రిలో వైద్యానికి వెళ్లారని చెప్పాను. మీరు బయట కనపడకండి."

"ఎన్నాళ్లండి బావగారూ?"

"జూన్ దాకా. తేదీ ఇంకా అనుకుంటున్నారు."

తాళంచెవి నా దగ్గరే ఉండటమే అన్నిటికంటే కష్టమైంది. ఎవరో బయటినుంచి తాళం వేసుకుని పోతే తిట్టుకునేదాన్ని. ఇక్కడ తిట్టుకోవడానికి నేను తప్ప ఎవరూ లేరు. ఊళ్లో లేనట్టు ఉండాలి కాబట్టి డాబా మీద బట్టలు ఆరేయడం మానేశాను. గదిలోనే తాళ్లు కట్టి ఆరేసేదాన్ని. ఇల్లంతా తడి వాసన. వీధిలో ముంజలమ్మి కేకేసుకుంటూ పోతుంటే కిటికీ రెక్క దగ్గర నిలబడి వినేదాన్ని, పిలవడానికి లేదు. అక్కయ్యగారు మధ్య గేటులోంచి కూరగాయలు అందించి, ఏదో తప్పు చేసినదానిలా గబగబా వెళ్లిపోయేవారు. కాలువలకి నీళ్లు కట్టేసిన రోజులు. ఇంటి వెనక కాలువ బురద ఎండిపోయి పెంకులు పెంకులుగా లేచింది. కరెంటు పోయినప్పుడల్లా చెరువుల మీద జనరేటర్లు మొదలయ్యేవి. ఆ మోత ఆగితే నా చెవుల్లో అదే మోత.

ఆయన వరండాలో ఈ చివరినుంచి ఆ చివరికి నడిచేవారు. చివరికెళ్లి గోడని అరచేత్తో ముట్టి తిరిగేవారు. గేటు దగ్గరికెళ్లి కడ్డీలు పట్టుకుని, "హైమా, ఇది తియ్యి. రాముడి దగ్గరికి వెళ్లాలి" అనేవారు.

"రేపు వెళదామండి."

మర్చిపోతారు కదా అన్న ధైర్యం. అన్నీ మర్చిపోయే మనిషి అదొక్కటీ మర్చిపోలేదు.

మే నెల సగం దాటాక ఆయన తినడం తగ్గించేశారు. మొదట వేడికి అనుకున్నాను. మజ్జిగన్నం, మామిడిపండు, ఏది పెట్టినా పళ్లెం పక్కకి జరిపేవారు. చివరికి మంచినీళ్లు కూడా పుక్కిలించి ఊసేయడం మొదలుపెట్టారు.

"ఎందుకండీ ఇలా చేస్తున్నారు?" అని ఒకరోజు మధ్యాహ్నం ఆయన కాళ్ల దగ్గర కూర్చుని అడిగాను.

ఆయన నా వైపు జాలిగా చూశారు, నాకేమీ తెలియదన్నట్టు. "రాముడు తినలేదు కదా. బరువు తగ్గాలి వాడు. నీళ్లు కూడా తాగట్లేదు. వాడు పక్కమంచం మీద ఉంటే నేనెలా తింటాను?"

"ఎందుకు తగ్గాలండీ ఆయన?"

"కిందికి వెళ్లిపోవాలి," అన్నారు. చేత్తో గాలిని కిందికి నొక్కి చూపించారు. "వాడు కిందికెళ్లిపోతే పైన నేనొక్కణ్ణే."

బుల్లియ్య మాస్టారు టీవీలో అన్న కింది వెయిట్ మాట అప్పుడు గుర్తొచ్చింది.  అంటే జబ్బు మాట కాదు.

రెండు రోజులు గడిచేసరికి ఆయన పెదాలు పగిలిపోయాయి. లేచి నిలబడితే తూలుతున్నారు. బావగారిని పిలిచాను. ఆయన వచ్చి తమ్ముడి చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. ఆ చెయ్యి ఎంత సన్నబడిందో చూసి ఆయనకీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయనకి తమ్ముడంటే ప్రాణం. అది నేనెప్పుడూ కాదనను.

"ఇంటికే నర్సుని పంపిస్తాను. సెలైన్ పెడుతుంది," అన్నారు.

"రాముడు గారి దగ్గరికి ఒకసారి తీసుకెళితే సరిపోతుందేమోనండి. ఆయన తినడం కళ్లతో చూస్తే..."

"ఆ పేరు ఎత్తకమ్మా." గొంతు తగ్గించారు. "ఓపెనింగ్ తేదీ పెట్టేశారు. ఇంకెన్నో రోజుల్లేవు. ఈ నాలుగు రోజులూ సెలైన్ మీద లాగేద్దాం. తర్వాత నువ్వెక్కడికి తీసుకెళతానంటే అక్కడికి నేనే కారు పంపిస్తాను."

లాగేద్దాం అన్న మాట నాలో ఎక్కడో తగిలింది. బావగారు వెళ్లాక బుల్లియ్య మాస్టారి నంబరు సంపాదించి ఫోన్ చేశాను. నేనెవరో చెప్పాను.

"మీరు రాజమండ్రిలో ఉన్నారన్నారే అమ్మా."

"లేమండి. రాముడు గారు ఉన్నారా మాస్టారూ? ఎక్కడుంటారు?"

"ఉన్నాడమ్మా. మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళ్లాలి. చేపలు దింపే చోట ఐసు షెడ్డు ఉంటుంది, దాని వెనకే ఇల్లు. బాక్సర్ రాముడంటే ఎవరైనా చూపిస్తారు. ఇప్పటికీ అలాగే పిలుస్తారు వాణ్ని."

మర్నాడు ఎండెక్కకముందే ఆయనకి ఉతికిన చొక్కా వేసి, గుండీలు పెట్టి, గేటు తాళం తీశాను. ఎవరూ అడ్డం రాలేదు. వీధిలోకి వచ్చి ఒక ఆటోని ఆపాను. ఇన్ని వారాలూ దీనికోసమేనా అనిపించింది. తాళం తీయడానికి ఒక్క క్షణం పట్టలేదు.

రాముడి ఇల్లు తేలిగ్గానే దొరికింది. రేకుల పంచలో ఒక ముసలాయన కూర్చుని వల చిరుగులు కుట్టుకుంటున్నాడు. భుజాలు వెడల్పు, నడుము దగ్గర మనిషి ఒంగిపోయి ఉన్నాడు. ఆటో దిగుతున్న మా ఆయన్ని చూసి లేచాడు. మొహంలో ఏమీ కనపడలేదు.

"రాజుగారండీ" అన్నాడు. "లోపలికి రండి. అచ్చాయమ్మా, కుర్చీలు తే."

నేను చేతులు జోడించి, నేనెవరో చెప్పి, వచ్చిన పని చెప్పబోయాను. మా ఆయన నన్ను చెప్పనివ్వలేదు. రాముడి చెయ్యి పట్టుకుని, "రాముడూ, తప్పు చేశాన్రా. నన్ను క్షమించు" అన్నారు. నాకు పెళ్లయ్యాక ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.

రాముడు చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "అయ్యో, అవన్నీ ఎప్పటివండి. వదిలేయండి," అన్నాడు, ఇంటికొచ్చిన వాళ్లతో అనే పద్ధతిలో.

నేను సంగతి చెప్పాను. అన్నం ముట్టడం లేదని, రాముడు తినలేదు కాబట్టి తను తినడట అని. అచ్చాయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రాముడు, "అన్నం పెట్టు" అన్నాడు భార్యతో.

ఆవిడ రెండు పళ్లేలు తెచ్చింది. అన్నం, పండుగొప్ప చేపల పులుసు. నాకూ తెస్తుంటే తర్వాత తింటానన్నాను. ఈలోగా మా ఆయన మళ్లీ రాముడి వైపు తిరిగారు. కళ్లల్లో అప్పుడే చూసినట్టున్న వెలుగు. "రాముడూ! తప్పు చేశాన్రా. నన్ను క్షమించు."

ఈసారి రాముడి చెయ్యి పళ్లెం మీద ఆగిపోయింది.

"ఏం క్షమించమంటారండీ?" అన్నాడు. గొంతు పెద్దది చేయలేదు. "ఆ రోజు క్యాంపులో నేను మిమ్మల్ని కింద పడేశాను. మర్నాడు కోచ్ మాస్టారు నన్ను పిలిచి, 'ఇద్దరూ ఒకే బరువులో ఎందుకురా, నువ్వు ఎనభై ఒక్క కిలోలకి దిగు, ఇద్దరికీ మెడల్స్ వస్తాయి' అన్నారు. నేను పచ్చి సముద్రపు మనిషిని, నా ఒంట్లో ఎక్కడిదండీ తీయడానికి కొవ్వు? దుప్పట్లు కప్పుకుని ఎండలో పరుగెత్తాను. డబ్బాలో ఉమ్మేశాను. నీళ్లు కూడా తాగలేదు. కాటా దగ్గర సరిపోయాను. రింగులో మొదటి రౌండులోనే కళ్లు తిరిగి పడిపోయాను. ఎవడూ కొట్టకుండానే పడ్డానండి. అప్పుడు పట్టుకున్న కిడ్నీ జబ్బు ఇంకా వదల్లేదు. మీరు పైన గెలిచారు. ఉద్యోగం వచ్చింది. నేను ఇక్కడికొచ్చేశాను."

అచ్చాయమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. "ఎన్నడూ చెప్పలేదు నాకు," అంది మెల్లగా. "తనంతట తనే మానేశానన్నాడు."

"ఎలా చెప్పనే? పస్తుండి పడిపోయానని చెప్పుకోనా?" రాముడు నా వైపు తిరిగాడు. "ఆయ్, ఒక్కటి మాత్రం చెప్పాలి అమ్మగారూ. ఆ వారం రోజులూ ఆయన నా ఎదురుగా తినలేదండి. పళ్లెం పట్టుకుని షెడ్డు వెనక్కి వెళ్లిపోయేవారు. అంటే తెలుసన్నమాటే కదా. తెలుసని నాకూ తెలుసు. నాకు తెలియనిది ఇంకొకటి ఉంది. ఇన్నేళ్లూ అదే అడగాలనుకున్నాను." కుర్చీని మా ఆయనకి దగ్గరగా జరుపుకున్నాడు. "రాజుగారూ. నన్ను కిందికి దింపమని మాస్టారికి మీరు చెప్పారా? ఆయనంతట ఆయనే చేశారా?"

మా ఆయన తలెత్తారు.  ఆ మాస్టారు పోయి ఇరవయ్యేళ్లు దాటింది. ఈ ప్రశ్నకి జవాబు ఈ భూమ్మీద ఒక్క మనిషి దగ్గరే ఉంది.

ఆయన రాముడి పళ్లెంలోకి చూశారు. "ముల్లు చూసుకుని తినరా," అన్నారు. "తిను. నువ్వు తింటే నేనూ తింటాను."

రాముడు పళ్లెం వైపు తిరిగాడు. తర్వాత ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. ఇంకో ముద్ద. మా ఆయన దాన్నే చూస్తూ, ఆ గొంతు దిగడం చూస్తూ, తన పళ్లెం దగ్గరికి లాక్కున్నారు. తిన్నారు. పులుసు చేతికి కారుతుంటే నాక్కుంటూ, మారు వేయించుకుని తిన్నారు. నేను పంచలోకి వెళ్లి నిలబడ్డాను. ఏడుపు వచ్చిందో నవ్వొచ్చిందో చెప్పలేను.

వెళ్లేముందు మూడోసారి అడిగారు. "రాముడూ! తప్పు చేశాన్రా. క్షమించు."

రాముడికి ఈసారి కోపం రాలేదు. అలసిపోయినట్టున్నాడు. "సరేనండి," అన్నాడు. "సరే. అడిగారుగా."

ఆటో ఎక్కుతుంటే నేను వెనక్కి వచ్చి, "మీ సంగతి నేను బయట చెప్పొచ్చా రాముడు గారూ?" అన్నాను.

 "చెబితే ఉన్నదే చెప్పండి. ఆయన చేయించాడని చెప్పకండి, అది నాకు తెలియదు. చేయించలేదనీ చెప్పకండి."

ఇంటికి వచ్చేసరికి మా వరండాలో బావగారు కూర్చుని ఉన్నారు. ఆయన మొహం చూస్తే రాత్రంతా నిద్రపోనట్టుంది, కానీ మేము వెళ్లింది పొద్దున్నే.

"తిన్నారండి," అన్నాను. "కడుపునిండా తిన్నారు."

ఆయన తమ్ముణ్ణి పైనుంచి కిందిదాకా చూశారు. చొక్కా మీద పులుసు మరకలు. "ఎవరైనా చూశారా?"

"చూశారేమోనండి."

"ఏమన్నాడు వాడు?"

చెప్పాను, ఒక్క మాట దాచకుండా. బావగారు అంతా విని, చేతులతో మొహం తుడుచుకున్నారు. "నాకు తెలుసమ్మా," అన్నారు. "తలుపులు వేసిన సంగతి తెలుసు. మిగతాది నేను అడగలేదు. వాడు చెప్పలేదు. అడగాల్సింది." మళ్లీ తనే, "ఇప్పుడు చెప్పి ఎవరికి లాభం? వాడికి తెలివే లేదు. పేరొక్కటే మిగిలింది. అదీ తీసేస్తావా?"

ఆయన అడిగిన దాంట్లో తప్పేమీ కనపడలేదు నాకు.  "ఆ పేరు నిలబెట్టడానికి మళ్లీ ఈయనకి తాళం వేయాలండి," అన్నాను. "అది నావల్ల కాదు బావగారూ."

ఓపెనింగ్‌కి ముందు యుగంధర్ చివరి చర్చ పెట్టాడు. నేనే ఫోన్ చేసి వస్తానన్నాను. పెళ్లయ్యాక నేను ఇంట్లోవాళ్లని అడగకుండా చేసిన రెండో పని అది. లైట్ల వేడికి చెమటలు పోస్తుంటే, నాకు వచ్చిన మాటల్లో చెప్పాను. క్యాంపులో రాముడు మా ఆయన్ని పడేశాడని. తర్వాత రాముణ్ణి బరువు తగ్గించి పక్కకి తప్పించారని. రాముడి ఊరి పేరు కూడా చెప్పాను.

"అంటే మేడమ్, రాజుగారే తప్పించారంటారా?" అన్నాడు యుగంధర్ కళ్లు పెద్దవి చేసుకుని.

"నాకు తెలియదండి. రాముడు గారికీ తెలియదు. తెలిసినాయన మర్చిపోయారు."

"మరైతే ఆయన ఛాంపియన్ అంటారా, కాదంటారా?"

"ఆయన గెలిచినవన్నీ గెలిచినవేనండి. దెబ్బలు తిని గెలిచారు. ఆ దెబ్బలు ఇప్పుడు ఇంట్లో కనపడుతున్నాయి. ఓడిపోని మాట కూడా నిజమే. ఓడించగలిగిన మనిషి మాత్రం ఎదురుగా లేడు."

ఆ మాటతో చర్చ తేలిపోతుందని నేను అనుకున్నాను. తేలలేదు. ఇంకా పెద్దదైంది. నన్ను భర్త పరువు తీసిన ఆడదన్నవాళ్లున్నారు. మెచ్చుకున్నవాళ్లున్నారు, వాళ్ల మెప్పు కూడా నాకు గుచ్చుకునే ఉండేది. హాలుకి కమిటీ వాళ్లు ఎవరి పేరూ పెట్టకుండా, ఇండోర్ స్టేడియం అని మాత్రం రాయించి తెరిచారు. మమ్మల్ని పిలవలేదు. బావగారు మధ్య గేటుకి వాళ్లవైపునుంచి గొళ్లెం పెట్టుకున్నారు. రోజూ సాయంత్రం మాత్రం ఆ కడ్డీల్లోంచి, "తిన్నాడా?" అని ఒక్క మాట అడిగి వెళతారు. "తిన్నారండి" అంటాను. అంతే మా ఇద్దరి మధ్య ఇప్పటికీ.

నాకేదో విడుదల దొరికిందని ఎవరైనా అనుకుంటే అది నిజం కాదు. ఆయన్ని వదిలి పక్కవీధికి కూడా వెళ్లలేను. రోజులో సగం ఆయన నన్ను ఎవరో అనుకుంటారు. డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను, ముంజలమ్మిని పిలుస్తున్నాను. మారింది అంతే. అది చిన్నదని నేను అనను.

జూన్ చివర్లో తొలి వానలు పడ్డాక, కాలువలకి నీళ్లు వదిలిన వారంలో, రాముడు వచ్చాడు. ముందు చెప్పలేదు. బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు, గొడుగు కింద, చేతిలో తడి సంచితో. ఒకప్పుడైతే ఆ ఇంట్లో ఆయన్ని పంచ దాటనిచ్చేవారు కాదు. నేను హాల్లో మా ఆయన పక్క కుర్చీ చూపించాను. ఒక్క క్షణం తటపటాయించి కూర్చున్నాడు. మా ఆయన ఆయన్ని గుర్తుపట్టలేదు. మర్యాదగా, "రండి, కాఫీ తీసుకోండి" అన్నారు.

సరిగ్గా అప్పుడే యుగంధర్ ఫోన్ చేశాడు. జిల్లా క్రీడాకారుల మీద ఏదో పుస్తకం వేస్తున్నారట. "మేడమ్, రాజుగారి పేరు కింద ఏమని రాయమంటారు? అజేయుడని రాస్తే ఒక వర్గం ఒప్పుకోవట్లేదు, రాయకపోతే ఇంకో వర్గం ఒప్పుకోవట్లేదు. మీరే చెప్పండి."

 ఫోను స్పీకర్లో పెట్టి, ఆ ప్రశ్న రాముడికి చెప్పాను.

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు. బయట వాన చూశాడు.

"అజేయుడనే రాసుకోమనండి అమ్మగారూ," అన్నాడు. "నాతో ఆడలేదని కూడా రాయమనండి. రెండూ రాయాలి."

"సార్, మీరు రాముడు గారా?" అంటోంది ఫోను. నేను కట్టేశాను.

మా ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "ఎవరితో ఆడలేదు?" అన్నారు.

"నాతోనండి," అన్నాడు రాముడు.

ఆయన కుర్చీలో కాస్త నిటారుగా కూర్చుని రాముడి భుజాలు చూశారు, చేతులు చూశారు. ఆయన మొహంలోకి ఒక నవ్వు వచ్చింది. ఇన్నేళ్లలో ఏ పందేనికీ, ఏ పరీక్షకీ ఆయన అలా నవ్వగా నేను చూడలేదు.

"మరి ఎప్పుడు ఆడదాం?" అన్నారు.

 రాముడు తన నడుము మీద చెయ్యి పెట్టుకుని సర్దుకుని కూర్చున్నాడు.

"వానలు తగ్గనివ్వండి," అన్నాడు.